భుజాన వేలాడే ప్రాణవాయువు

దేవరకొండ కోట ఎప్పుడైనా ఎక్కారా? 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట అది. సగం దూరం ఎక్కేసరికి ఆయాసం వస్తుంది. బండ మీద అయిదు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతుంది. కూర్చున్నా, పడుకున్నా తగ్గని ఆయాసం ఎలా ఉంటుందో ఊహించండి. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ఊదిన అవ్వలకు, బీడీలు కాల్చిన తాతలకు, రాళ్ళు కొట్టినవారికి వచ్చేది అటువంటి ఆయాసమే.

రాళ్ళ సంగతి కొంచెం చెప్పుకోవాలి. దేవరకొండ చుట్టూ ఉన్న గుట్టలు గ్రానైటువి. గ్రానైటులో పలుగురాయి ఉంటుంది, అది సిలికా. దాని సన్నటి ధూళి ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడ మచ్చలు కట్టిస్తుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. షాద్‌నగర్ దగ్గరి ఎలికట్టలో పలుగురాయిని పిండి చేసే మిల్లులలో పనిచేసిన కూలీలు ఈ జబ్బుతో చనిపోయారు. మచ్చకట్టిన ఊపిరితిత్తిని మళ్ళీ మామూలుగా చేసే మందు ఇంతవరకు లేదు.

మందు లేకపోయినా ప్రాణవాయువు ఉంది. 1981లో బ్రిటన్ వైద్యులు ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. పొగవల్ల ఊపిరితిత్తులు చెడి, రక్తంలో ప్రాణవాయువు తగ్గిన 87 మందిని తీసుకున్నారు. 42 మందికి రోజుకు కనీసం 15 గంటలు ప్రాణవాయువు ఇచ్చారు. 45 మందికి ఇవ్వలేదు. అయిదేళ్ళలో మొదటి గుంపులో 19 మంది, రెండవ గుంపులో 30 మంది చనిపోయారు. లాభం స్పష్టమే. కాని 15 గంటలు! ఇనుప సిలిండరు పక్కనే కూర్చుంటే చేనికెవరు పోతారు? మనుమరాలి పెళ్ళికెలా వెళతారు?

మోసుకుపోగల యంత్రం అందుకే కావలసివచ్చింది. గాలిలో సుమారు 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ప్రాణవాయువు, దాదాపు ఒక పాలు ఆర్గాన్ అని మీరు చదువుకున్నారు కదా! నత్రజనిని పట్టి ఆపితే చాలు, మిగిలేది ప్రాణవాయువే. ఆ పని చేసేది జియొలైట్. కంటికి కనబడని రంధ్రాలున్న పదార్థమిది. గాలిని ఒత్తిడితో దీని గుండా పంపితే నత్రజని రంధ్రాల గోడలకు అంటుకుంటుంది, ప్రాణవాయువు దాటిపోతుంది. కొన్ని సెకన్లలో గోడలు నిండిపోతాయి. అప్పుడు గాలి రెండవ గొట్టంలోకి మళ్ళుతుంది. మొదటి దానిలో ఒత్తిడి తగ్గించగానే నత్రజని ఊడి బయటికి పోతుంది. ఇలా రెండు గొట్టాలూ వంతులవారీగా పనిచేస్తాయి. ఆర్గాన్ మాత్రం ప్రాణవాయువుతోపాటు జారుకుంటుంది. అందుకే ఈ యంత్రం సుమారు 95 శాతం దగ్గరే ఆగిపోతుంది. 22 పాళ్ళలో 21 ఎంత శాతమో లెక్కకట్టి చూడండి!

తమాషా ఏమిటంటే జియొలైట్‌లో ఉన్నదీ సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజనే. గ్రానైటులో ఎర్రగా మెరిసే ఫెల్స్‌పార్‌లోనూ అవే. అమరికలోనే తేడా. ఈ పొడి ఎంత అవసరమో 2021 మే నెలలో దేశానికి తెలిసింది. ఆసుపత్రుల ఆక్సిజన్ ప్లాంట్ల కోసం దాన్ని రోమ్ నుంచి బెంగళూరుకు విమానాల్లో తెచ్చారు.

ఇంట్లో పెట్టుకునే యంత్రం పదిహేను కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. 2001లో అమెరికాలోని శాంటా బార్బరాలో ముగ్గురు విద్యార్థులు దీన్ని చిన్నది చేయాలని పూనుకున్నారు. వారిలో ఒకరి అవ్వకు ఆక్సిజన్ పెట్టవలసివచ్చింది మరి! ఇనోజెన్ సంస్థ అలా పుట్టింది. ఇటువంటి యంత్రాల్లో కిటుకు ఇది: మనం లోపలికి పీల్చేది కొద్దిసేపే, మిగతా సమయంలో వదిలే ప్రాణవాయువు వృథా. పీల్పు మొదలవగానే ముక్కులోని గొట్టంలో ఒత్తిడి కాస్త తగ్గుతుంది. యంత్రం దాన్ని పసిగట్టి ఆ క్షణంలోనే ఒక దమ్ము ప్రాణవాయువు వదులుతుంది. అలా బరువు రెండు మూడు కిలోలకు దిగింది. బ్యాటరీతో కొన్ని గంటలు నడుస్తుంది.

ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. కొందరికి ఎక్కువైతే ప్రమాదం. దగ్గరలో బీడీ వెలిగించకూడదు. నిద్రలో ఊపిరి మెల్లగా ఆడినప్పుడు ఈ యంత్రం కొన్నిసార్లు పీల్పును గుర్తించలేదు, కనుక చాలామందికి రాత్రిళ్ళు పెద్ద యంత్రమే దిక్కు. ధర కూడా ఎక్కువే. రాళ్ళు కొట్టి బతికిన మనిషికి అందే ధర కాదది.