రంజాన్ రద్దీలో ఫోన్ పోతే...

రంజాన్ రాత్రుల్లో చార్మినార్, లాడ్ బజార్, పత్తర్‌గట్టీ కిక్కిరిసి ఉంటాయి. ఆ రద్దీలో ఫోన్ పోతే పోయేది ఫోన్ ఒక్కటే కాదు. బ్యాంకు ఖాతా, పిల్లల ఫీజు, జకాత్ కోసం తీసి ఉంచిన సొమ్ము అన్నీ అందులోనే. కాబట్టి వెతుకుతూ కాలయాపన చేయవద్దని మా మనవి.

ముందు పక్కవారి ఫోన్‌తో సిమ్ ఆపించండి. ఓటీపీలు దొంగకు చేరవు. వెంటనే బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి. సొమ్ము అవతలి ఖాతాలో ఇంకా ఉంటే బ్యాంకు అక్కడే నిలిపివేయగలదు. దొంగ తీసేసుకున్నాక రాబట్టడం కష్టం. పరువు పోతుందని దాచిన ప్రతి నిమిషం దొంగకే లాభం.

తర్వాత పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరుతో ఫోన్‌ను బ్లాక్ చేయించండి. సిమ్ మార్చినా అది మన దేశంలోని నెట్‌వర్క్‌లలో పనిచేయదు. ఆ నంబరు కోసం ఈరోజే *#06# నొక్కి, కాగితంపై రాసి ఇంట్లో ఉంచండి.

దాతలకు మరో మాట. పోయిన ఫోన్ నుంచి మీ బంధువుల పేరుతోనే "జకాత్ పంపండి" అని సందేశం రావచ్చు. మాట్లాడి నిర్ధారించుకోండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక తెరపై కనబడే పేరు చూశాకే పంపండి. పేదల హక్కు పేదలకే చేరాలి. అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.