ప్రపంచ ల్యూజ్ ఛాంపియన్‌షిప్ - మహిళల డబుల్స్

మహిళల డబుల్స్ అనునది ప్రపంచ ల్యూజ్ ఛాంపియన్‌షిప్‌లలో ఇద్దరు మహిళలు ఒకే స్లెడ్‌పై వెల్లకిలా పడుకొని, కాళ్ళు ముందుకు చాచి, మంచు బాటపై జారుతూ పాల్గొను పోటీ. ప్రపంచ టైటిల్ కొరకు ఇది మొదటిసారి 2022లో జర్మనీలోని వింటర్‌బెర్గ్‌లో జరిగినది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు 1955లో నార్వే రాజధాని ఓస్లోలో ప్రారంభమైనవి. మహిళల సింగిల్స్ ఆనాటి నుండే ఉన్నది. డబుల్స్‌లో తమకంటూ ఒక పోటీ కొరకు మాత్రం మహిళలు ఆరు దశాబ్దాలకు పైగా వేచి యుండవలసి వచ్చినది.

నేపథ్యం

1964లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ల్యూజ్ తొలిసారిగా ఒలింపిక్ క్రీడ అయినపుడు పురుషుల సింగిల్స్, మహిళల సింగిల్స్, డబుల్స్ అను మూడు పోటీలు జరిగినవి. డబుల్స్ పేరుకు అందరిదీ అయినప్పటికీ ఆచరణలో అది పురుషుల పోటీగానే కొనసాగినది. నిషేధం లేకపోవుట వేరు, అవకాశం ఉండుట వేరు. జట్టు కట్టుటకు తోడు, సాధనకు శిక్షకుడు, తగిన కొలతల స్లెడ్ లేనిచోట నియమం తెరచి యుంచిన తలుపు ఎవరికీ ఉపయోగపడలేదు.

ఈ స్థితిని మొదట కదిలించినవారు కెనడాకు చెందిన కైట్లిన్ నాష్, నటాలీ కార్లెస్. 2019 డిసెంబరులో, పదహారేళ్ళ వయసులో, వీరు విస్లర్‌లో జరిగిన ప్రపంచ కప్ డబుల్స్‌లో పురుషుల జట్లతో కలసి పోటీ చేసిరి. ప్రపంచ కప్ డబుల్స్‌లో ఇద్దరూ మహిళలే గల మొదటి జట్టు వీరిదే. 23 జట్లలో 22వ స్థానం లభించినది. పట్టికలో చూచిన ఇది చిన్న ఫలితమే. కాని విస్లర్ బాట ప్రపంచంలోని అతి వేగవంతమైన బాటలలో ఒకటని, ఎదుట ఉన్నవారు అనుభవజ్ఞులైన పురుషులని గుర్తుంచుకొనవలెను. మరుసటి నెలలో, అనగా 2020 జనవరిలో, లౌసాన్ యువ ఒలింపిక్స్‌లో బాలికల డబుల్స్ ప్రవేశపెట్టబడినది. సెయింట్ మోరిట్జ్‌లోని సహజ మంచు బాటపై జరిగిన ఆ పోటీలో ఈ జంట రజతం గెలుచుకొన్నది. 2021-22లో సీనియర్ ప్రపంచ కప్‌లో కూడా మహిళల డబుల్స్ మొదలైనది.

పోటీ విధానం

ప్రతి జట్టు రెండుసార్లు జారును. రెండు పరుగుల కాలాన్ని సెకనులో వెయ్యో వంతు వరకు కొలిచి కలుపుదురు. మొత్తం తక్కువైనవారే విజేతలు. బాటను చూడగలిగేది పైన పడుకొన్న క్రీడాకారిణి మాత్రమే. క్రింద ఉన్నవారికి దాదాపు ఏమియూ కనపడదు. ఆమె పై వ్యక్తి శరీరపు కదలికను బట్టి, మలుపు వచ్చిన తీరును బట్టి గ్రహించి తన బరువును సర్దుకొనవలెను. స్లెడ్‌కు స్టీరింగు గాని బ్రేకులు గాని ఉండవు. పిక్కలతో స్లెడ్ ముందు కొమ్ములను నొక్కుట, భుజాలతో బరువు మార్చుట, ఇవియే దిశను మార్చు సాధనములు. ప్రారంభంలో పిడులు పట్టుకొని ముందుకు వెనుకకు ఊగి బలంగా తోసుకొన్న పిమ్మట, మేకులు గల చేతి తొడుగులతో మంచును వెనుకకు నెట్టుదురు. అందుచేత ఇద్దరిలో ఒకరి తొందరపాటు రెండవవారికి కూడా నష్టమే. లోహం వేడెక్కిన కొలది మంచుపై సులువుగా జారును. కనుక పోటీకి ముందు స్లెడ్ అడుగున ఉండు ఉక్కు పట్టీల ఉష్ణోగ్రతను అధికారులు పరీక్షించెదరు.

విజేతలు

వింటర్‌బెర్గ్‌లో జర్మనీకి చెందిన జెస్సికా డెగెన్‌హార్ట్, చెయెన్ రోసెన్‌తాల్ మొదటి ప్రపంచ విజేతలైరి. 2022 ఒలింపిక్ సంవత్సరం అగుటచే ఆ యేడు పూర్తి స్థాయి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు జరుగలేదు. కావున మిగిలిన విభాగములతో కలసి మహిళల డబుల్స్ జరిగినది 2023 జనవరిలో ఓబర్‌హోఫ్‌లోనే. థురింగియా అడవుల నడుమ గల ఆ బాటపై డెగెన్‌హార్ట్, రోసెన్‌తాల్ స్వదేశ ప్రేక్షకుల ఎదుట టైటిల్ నిలుపుకొనిరి. 2024లో ఆల్టెన్‌బెర్గ్‌లో ఆస్ట్రియాకు చెందిన సెలీనా ఎగ్లే, లారా కిప్ గెలిచిరి. వీరే 2025లో విస్లర్‌లోనూ విజేతలు. అయిదేళ్ళ క్రితం నాష్, కార్లెస్ 22వ స్థానంలో నిలచిన బాట అదే.

ఒలింపిక్స్‌లో

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2022లో ఈ పోటీని శీతాకాల ఒలింపిక్స్‌లో చేర్చుటకు ఆమోదించినది. 2026 ఫిబ్రవరిలో ఇటలీలోని కోర్టినా డాంపెజోలో మొదటిసారిగా జరిగిన మహిళల డబుల్స్‌లో ఆతిథ్య దేశానికి చెందిన ఆండ్రియా ఫ్యోటర్, మారియన్ ఓబర్‌హోఫర్ స్వర్ణం గెలిచిరి. అక్కడి టీం రిలేలో కూడా మహిళల డబుల్స్ స్లెడ్ ఒక భాగమైనది.

భారతదేశం నుండి 1998 మొదలు 2018 వరకు ఆరు ఒలింపిక్స్‌లలో ల్యూజ్‌లో పాల్గొన్న శివ కేశవన్ పోటీ చేసినది పురుషుల సింగిల్స్‌లో.