పలుకని మోడెము

లినక్సు అను నిర్వహణవ్యవస్థను వేసికొనిన కంప్యూటరులు మన విద్యార్థుల యిండ్లలో ఇప్పుడు అక్కడక్కడ కనబడుచున్నవి. ఇందుకు కారణము స్పష్టమే. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 పాత యంత్రములలో పెక్కింటిపై నెక్కదు. మిరపకు పెట్టుబడి పెట్టి, పత్తికి మందులు కొట్టి, మిగిలినదానితో పిల్లలను చదివించు తలిదండ్రులు మరియొక యంత్రమును కొనగలరా? లినక్సు ఉచితముగా లభించును. పాత యంత్రముమీదను నడచును. స్వేచ్ఛ యను సంస్థవారి పూనికచేత తెలుగు మాటలతో గూడ వచ్చినది. ఇంతవరకు సుఖమే. చిక్కెక్కడ ననగా, ఇంటర్నెట్టు తీగ రాని పల్లెలలో సిమ్ము పెట్టిన డాంగిలే ఆధారము. అది లినక్సు యంత్రమునకు తగిలించినంతనే పలుకకపోవచ్చును. "ఇది లినక్సులో పనిచేయదండీ, క్రొత్తది కొనండి" అని దుకాణదారుడు తేల్చివేయును. ఆ మాట పెక్కుసారులు నిజము కాదు. చెడినది ఎక్కడనో కనుగొనక డబ్బు ఖర్చుపెట్టరాదు గనుక, వెదకు క్రమమును ఇచ్చట వివరించెదను.

మోడెమనగా సంకేతములను అలలపై నెక్కించుటకును, అలలనుండి దింపుటకును ఏర్పడిన పరికరము. మాడ్యులేటరు, డీమాడ్యులేటరు అను రెండు మాటల తలలు కలిసి ఆ పేరైనది. ఇక డ్రైవరనగా బండి తోలువాడు కాడు, దుబాసి. పూర్వము చెన్నపట్టణమున దొరలకును దేశీయవర్తకులకును నడుమ దుబాసి నిలిచినట్లు, కెర్నలునకును మోడెమునకును నడుమ నిలుచు చిన్న ప్రోగ్రామే డ్రైవరు. విండోసులో ఈ దుబాసిని తరచుగా మనమే తెచ్చి కూర్చుండబెట్టవలసియుండెను. లినక్సులో పెక్కుమంది దుబాసులు కెర్నలుతోనే వత్తురు. కాబట్టి డాంగిలుతో వచ్చిన సాఫ్ట్‌వేరు లినక్సులో ఎక్కలేదని దిగులుపడ పనిలేదు. అది మనకు అక్కరయే లేదు.

అయితే ఆ సాఫ్ట్‌వేరే వేరొక చిక్కును తెచ్చిపెట్టినది. దానిని విడిగా సీడీపై నిచ్చుటకు మారుగా తయారీదారులు డాంగిలులోనే దాచిరి. అందుచేత డాంగిలును గ్రుచ్చినప్పుడు అది మోడెమువలె గాక సీడీ పెట్టెవలె కనబడును. పగటివేషగాడు వేషము తీసినగాని ఎవరో తెలియనట్లు, దీని వేషమును విప్పించినగాని మోడెము బయటపడదు. విండోసులో ఆ పనిని డాంగిలు సాఫ్ట్‌వేరే చేయును. లినక్సు నిమిత్తము జోషువా డీట్సె అను నతడు యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అను ఉపకరణమును వ్రాసెను. అది డాంగిలునకు ఒక చిన్న సందేశమును పంపును; కొన్నింటికి సీడీని బయటికి త్రోయుమను ఆజ్ఞయే చాలును. వెంటనే సీడీ మాయమై మోడెము ప్రత్యక్షమగును.

దీనిని కన్నులార చూడవచ్చును. టెర్మినలు తెరచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అను ఆజ్ఞను (ఆంగ్లాక్షరములను చిన్నవిగా, వరుసగా వ్రాయవలెను) డాంగిలు పెట్టకముందొకసారి, పెట్టిన పిమ్మట నొకసారి ఇచ్చి, రెండు పట్టికలను సరిపోల్చుడు. క్రొత్తగా వచ్చిన వరుసలో నాలుగేసి అక్షరముల సంఖ్యలు రెండుండును. మొదటిది తయారీదారునిది: హువావేకు 12డి1, జడ్‌టీఈకి 19డి2. రెండవది పరికరపు స్థితిని తెలుపును. హువావే వారి అనేక డాంగిలులలో 1446 అన్నచో ఇంకను సీడీ వేషమే. అది కొన్ని క్షణములలో 1001గా మారినచో వేషము విడినదని యర్థము. మారనిచో మోడ్‌స్విచ్ లేదనియో, పనిచేయలేదనియో గ్రహింపవలెను. అసలు క్రొత్త వరుసయే రానిచో లినక్సును నిందింపవలదు. అది విద్యుత్తు లోపము కావచ్చును. రెండవ తరపు యూఎస్‌బీ రంధ్రము 500 మిల్లీ ఆంపియర్లకు మించి ఇయ్యవలసిన పనిలేదు. సన్నని పొడిగింపు తీగ పెట్టినను, వేరు విద్యుత్తు లేని హబ్బు పెట్టినను అందును కొంత తగ్గును. మోడెము టవరును వెదకునప్పుడే ఎక్కువ విద్యుత్తు కావలసియుండును గనుక, తగిలించిన క్షణమున వెలిగి, కలుపబోవునప్పుడు మాయమగు డాంగిలును చూచినచో మొదట రంధ్రమును మార్చుడు.

వేషము విడిన పిమ్మట దుబాసి వచ్చెనా యని చూడవలెను. డీఎంఈఎస్‌జీ అను ఆజ్ఞ కెర్నలు దినచర్యను చూపును. పాత డాంగిలులకు ఆప్షన్ అను డ్రైవరు తగులుకొని, టీటీవై యూఎస్‌బీ 0, 1, 2 అను ద్వారములు తెరచుకొనును. వీనిలో ఒకదానిగుండా 99 సంఖ్యకు ముందు నక్షత్రపు గుర్తును, వెనుక హ్యాష్ గుర్తును జేర్చి డయలు చేయుట పాత పద్ధతి. తరువాతివానికి 2012లో కెర్నలు 3.4తో వచ్చిన క్యూఎంఐ డబ్ల్యూవాన్, ఆ పిదప వచ్చిన సీడీసీ ఎంబిమ్ అను డ్రైవర్లు కలవు. మరికొన్ని హువావే డాంగిలులు మోడెములుగా గాక చిన్న రూటరులుగానే కనబడును; వానికి డయలుతో పనిలేదు, బ్రౌజరులో 192.168.8.1 అని వ్రాసిన చాలును. ఒక హెచ్చరిక: వివీడయలు, మోడెమ్‌మేనేజరు అను రెండును ఒకే ద్వారమునకై పెనుగులాడినచో ఎవ్వరి పనియు జరుగదు. ఒకదానిని నిలిపివేయుడు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైనది చెప్పెదను. పర్చూరు ప్రాంతపు రైతొకరు తన కుమారుని పరీక్ష దరఖాస్తు గడువు రెండు దినములున్నదనగా ఒక డాంగిలును, లినక్సు వేసిన పాత ల్యాప్‌టాపును నాయొద్దకు తెచ్చిరి. కంప్యూటరే మార్చవలెనని వారికెవరో చెప్పిరట. పరీక్షింపగా డాంగిలు కనబడినది, వేషము విడినది, ద్వారములు తెరచుకొన్నవి, సిమ్మును చదివినది. ఎంఎంసీఎల్‌ఐ యను ఆజ్ఞతో స్థితి నడుగగా "సెర్చింగ్" అని మాత్రమే వచ్చుచుండెను. డ్రైవరు దోషమైనచో ఇంతదూరము రాదు. డాంగిలు 3జీది, ఆ సిమ్ము కంపెనీవారి 3జీయే లేదు! ఎయిర్‌టెల్ వారు 2020 నాటికే దేశమంతట 3జీని నిలిపివేసిరి. 2016 సెప్టెంబరు 5న ఆరంభమైన జియోకు 2జీ గాని, 3జీ గాని ఎన్నడును లేవు. టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ అను పాత సీడీఎంఏ డాంగిలుల సేవలు ఆగి ఏండ్లు గడచినవి. వాడుక లేని బావిలో చేద వేసినట్లు, లేని అలలకై ఎంత మంచి మోడెమైనను ఏమి చేయగలదు? ఆ రైతు ఫోనునే తీగతో కంప్యూటరునకు తగిలించితిమి. దరఖాస్తు ఆ సాయంకాలమే చేరినది.

టవరు దొరికియు నెట్టు రానిచో సిమ్మును, ఏపీఎన్‌ను చూడవలెను. సిమ్మునకు పిన్ను పెట్టియుండినచో దానిని ఊహించి కొట్టరాదు: మూడు తప్పులకు పీయూకే అడుగును, అందులో పది తప్పులకు సిమ్ము శాశ్వతముగా చెడును. ఏపీఎన్ మిర్చియార్డు గేటువంటిది. సరుకు మంచిదైనను గేటు తప్పినచో లోనికి పోదు. బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్, జియోకు జియోనెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్ అని, అన్నియు చిన్న ఆంగ్లాక్షరములతో, నడుమ ఖాళీ లేకుండ వ్రాయవలెను. సిగ్నలు బలమును ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ అను ఆజ్ఞ 0 మొదలు 31 వరకు గల అంకెతో చెప్పును. 99 అన్నచో తెలియదని. పదికి తక్కువైనచో సెట్టింగులను త్రవ్వుట మాని, డాంగిలును కిటికీకడకు జరుపుడు. స్లాబు ఇంటి నడిమిగదిలో రాని నెట్టు వరండాలో వచ్చుట వింత కాదు.

మోడ్‌స్విచ్ లేనప్పుడును, డాంగిలు మరీ క్రొత్తదై కెర్నలునకు దాని సంఖ్య తెలియనప్పుడును, వానిని నెట్టునుండియే తెచ్చుకొనవలెను. నెట్టు కొరకు నెట్టు కావలెనన్న ఈ విచిత్రమునకు ఫోనే విరుగుడు. ఆండ్రాయిడ్ ఫోనులో యూఎస్‌బీ టెథరింగును తెరచినచో లినక్సు దానిని సాధారణముగా ఏ సెట్టింగును లేకయే గుర్తించును. అయితే తీగను చూచి తీసికొనుడు. ఛార్జింగునకు మాత్రమే పనికివచ్చు చవుకతీగలలో డేటా పోవు సన్నతీగలు ఉండవు. అట్టిదానితో ఫోను ఛార్జి యగుచుండును గాని, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ పట్టికలో మాత్రము కనబడదు.