కలిమిలేములు - జనసంఖ్య

కలిమిగల దేశములందు సంతానము తక్కువ, లేమిగల దేశములందు ఎక్కువ యనుట లోకమెఱిగిన మాట. దక్షిణ కొరియాలో 2023వ సంవత్సరమున స్త్రీ యొక్కతెకు కాన్పుల సగటు 0.72 మాత్రమే, ఆఫ్రికాలోని నైజరు దేశమున నది యించుమించు ఆఱు. దీనినిబట్టి ధనము పెరిగినగాని కాన్పులు తగ్గవని పలువురు తీర్మానించెదరు. అనంతపురపు మెట్టసీమ యీ తీర్మానమునకు లొంగదు.

ఏటికి సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నీ సీమలో వేరుసెనగను నమ్మిన రైతు పలుమారులు అప్పులపాలయ్యెను. కూలివాడు బెంగుళూరు దారి పట్టెను. అయినను 1981-91 దశకమున నూటికి 25 వంతున పెరిగిన జిల్లా జనము 2001-11 దశకమున 12 వంతుననే పెరిగెను. ఇందు వలసల పాలు కొంత యుండవచ్చును. కాని రాష్ట్రమంతటను కాన్పుల సగటు 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 1.7కు దిగెను. బీహారులో నది 3.

ఇందలి మర్మమేమి? 1876-78 నాటి ధాతుకఱవువంటి విపత్తులను జూచిన తల్లిదండ్రులకు పెక్కుమంది బిడ్డలే ముదిమి కాధారము. బిడ్డ బ్రతుకునను నమ్మకము, బాలికకు చదువు, సమీపమున వైద్యము కలిగిన పిదప, కలిమి రాకున్నను ఆ యవసరము తీరును. అయితే యీ భారమును మోసినవారు స్త్రీలు. పై పరిశీలనను బట్టి యాంధ్రప్రదేశమున వివాహితలలో నూటికి ఇంచుమించు 70 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. పురుషుల వంతు లెక్కకు రానంత స్వల్పము.

ఇద్దరికంటె నెక్కువ బిడ్డలు గలవారు స్థానిక సంస్థల యెన్నికలకు నిలువరాదని 1994లో శాసించిన రాష్ట్రము, 2024లో ఆ నిబంధనను తొలగించినది. ఇపుడు నాయకులు సంతానము పెంచుడని బోధించుచున్నారు. 1971 జనగణన ననుసరించి రాష్ట్రములకు లోకసభ స్థానములను పంచి, 1976లో 42వ రాజ్యాంగ సవరణచే ఆ పంపకమును స్తంభింపజేసిరి. 2001లో 84వ సవరణచే నా గడువును 2026 తరువాతి తొలి జనగణన వఱకు పొడిగించిరి. జనమును తగ్గించుకొన్నందుకు స్థానములు తగ్గునేమో యను భీతి న్యాయమైనదే. కాని దానికి పరిహారము మరల తల్లుల నడుగుట న్యాయము గాదు.

కొరియా ధనమార్జించిన పిదప ముదుసలి యగుచున్నది; మనకు ధనమునకు ముందే ముదిమి సమీపించుచున్నది. సేద్యమునకు కూలివారు దొరకరని వగచు భూవసతిపరులు దీనిని యోచింపవలెను. చెఱువులకు నీరు, యువకులకు ఊరిలోనే పని, వృద్ధులకు చాలినంత పింఛను - ప్రభుత్వము నడుగవలసినవి యివి. లోకసభ స్థానముల వివాదమును రాష్ట్రములు ఢిల్లీలోనే తేల్చుకొనవలెను.