తొంభై ఒక్క వేల మైళ్ళ బండికి బేరం

91,400 మైళ్ళు. మన లెక్కలో దాదాపు లక్షా నలభై ఏడు వేల కిలోమీటర్లు. పోయిన సెప్టెంబరులో నా బైకు అమ్మకానికి పెట్టినప్పుడు దాని మీటరు మీదున్న అంకె అది. బండి హోండా డోవిల్, ఎన్‌టీ700వీ, 2008 మోడల్. 680 సీసీ ఇంజను, చైను బదులు షాఫ్టు, రెండు పక్కలా బండిలోనే కలిసిపోయిన పెట్టెలు. ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఉన్న ఊరి పేరు పెట్టారు గానీ, ఇంగ్లండులో బైకర్లు దీన్ని ‘డల్‌విల్’ అని వెక్కిరిస్తారు. చూడ్డానికి అంత చప్పగా ఉంటుందని. లండన్ కొరియర్ కుర్రాళ్ళు మాత్రం దీన్ని వదిలేవాళ్ళు కాదు. ఎంత తోలినా మొరాయించని బండి మరి.

అమ్మడానికి కారణం నా మోకాలు. రెండు వందల యాభై కిలోల బండిని పార్కింగులో వెనక్కి నెట్టడం ఇక నా వల్ల కాలేదు.

ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో బండి కొనడం, అమ్మడం ఇంకా మగవాళ్ళ పనిగానే నడుస్తోంది. కారు ఆడవాళ్ళే తోలుతారు, సర్వీసింగుకి ఆడవాళ్ళే తీసుకెళ్తారు, అమ్మే రోజున మాత్రం ఆయన ముందుకొస్తారు. నా ప్రకటన చూసి ఫోన్ చేసిన మొదటి పెద్దమనిషి కూడా “మీ ఆయన ఉన్నారా?” అనే అడిగాడు. మా ఆయనకి క్లచ్ ఏ చేతికి ఉంటుందో తెలియదు. ఇంకొకరు బండి చూడకుండానే డబ్బు పంపుతాననీ, తీసుకెళ్ళడానికి మనిషిని పంపిస్తాననీ రాశారు. ఇలాంటివి వస్తే జవాబు కూడా ఇవ్వకండి. డబ్బు పడినట్టు వాళ్ళు పంపే మెయిలు నమ్మకూడదు, మీ బ్యాంకు ఖాతా మీరే తెరిచి చూసుకోవాలి. ఒక డీలరయితే మైలేజీ వినగానే నాలుగు వందల పౌన్లు అన్నాడు, నవ్వుతూ.

నిజానికి ఎక్కువ మైళ్ళు తిరిగిందంటే బండి అరిగిపోయిందని కాదు. పదిహేడేళ్ళలో ఆరు వేల మైళ్ళే తిరిగిన బండి దొరికితే నేను ముందు అనుమానిస్తాను. నిలబడ్డ బండికి రబ్బరు సీళ్ళు ఎండుతాయి, టైర్లు గట్టిపడతాయి, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. దగ్గర దగ్గర ప్రయాణాలే చేస్తే ఇంజను సరిగ్గా వేడెక్కక ఆయిల్లో నీటి చెమ్మ చేరుతుంది. వేళకి ఆయిలు మార్చి దూరాలు తోలిన బండే ఆరోగ్యంగా ఉంటుంది. పైగా మీటరు వెనక్కి తిప్పారేమో అన్న భయం ఇక్కడ చాలావరకు తీరిపోతుంది. బండికి మూడేళ్ళు నిండాక ఏటా ఎంఓటీ పరీక్ష తప్పనిసరి. ప్రతి పరీక్షలోనూ మీటరు అంకె, కనిపెట్టిన లోపాలు నమోదవుతాయి. నంబరు ప్లేటు తెలిస్తే ఎవరైనా ఉచితంగా ఆన్‌లైన్లో చూసుకోవచ్చు.

ప్రకటనలో నేను ఒక లోపం కూడా రాశాను. స్టీరింగ్ హెడ్ బేరింగులు అరిగాయి, హ్యాండిలు సరిగ్గా నిటారుకి వచ్చినప్పుడు చిన్నగా పట్టేస్తుంది. ఇది చెప్తే అమ్మ ఫోన్లోనే తల పట్టుకుంది. “అమ్ముకునేవాళ్ళు లోపాలు చాటుకుంటారటే పిచ్చిదానా? గుమ్మడికాయ బేరానికొచ్చినవాడికి పుచ్చు చూపిస్తావా?” అంది. గుమ్మడికాయ పుచ్చితే కూర పోతుంది. ఆ బేరింగు సంగతి తెలియకుండా తోలితే మనిషి పడొచ్చు. చట్టం కూడా ఒకటుంది. సొంతంగా అమ్ముకునేవాళ్ళకి డీలరుకి ఉన్నన్ని బాధ్యతలు లేకపోయినా, బండి మనం చెప్పినట్టు ఉండాలి, రోడ్డు మీద ప్రమాదకరమైన స్థితిలో ఉన్నదాన్ని అమ్మకూడదు.

రెండు వారాల తర్వాత డెర్బీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. తపాలా శాఖలో పనిచేసి రిటైరయిందట. ధర అడగలేదు. వాల్వ్ క్లియరెన్సు ఎన్ని మైళ్ళ దగ్గర చూపించారు? వెనక బ్రేకు కాలిపర్ పిన్నులు ఎప్పుడు శుభ్రం చేశారు? చలికాలం తోలారా? ఈ మూడూ అడిగింది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు బ్రేకుల్నీ, సైలెన్సర్నీ తినేస్తుంది. తోలానన్నాను, ప్రతిసారీ కడిగానన్నాను. “నేనొచ్చేసరికి ఇంజను వేడి చేసి ఉంచకండి” అంది. చల్లటి ఇంజను ఎలా స్టార్టవుతుందో చూస్తేనే దాని అసలు గుణం తెలుస్తుంది. అప్పుడే అనుకున్నాను, బండి ఈవిడదేనని.

శనివారం రైల్లో వచ్చింది, సంచిలో హెల్మెటుతో. ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూసింది. సెంటర్ స్టాండు వేసి, వెనక నన్ను కూర్చోమని, లేచిన ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పి ఆ పట్టు వేళ్ళతో పసిగట్టింది. టైరు పక్కన నాలుగంకెల తేదీ చదివింది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ముందు మడ్‌గార్డు మీద పసుపూ ఎరుపూ మరక దగ్గర ఆగి గోటితో గీకింది. తుప్పనుకుంది! దసరాకి ఆయుధ పూజ చేస్తామనీ, అది పసుపూ కుంకుమా అనీ చెప్పాను. “అయితే అది ఉండనివ్వండి” అంది. ఆ తర్వాత టీ తాగుతూ గంటసేపు స్కాట్లండు రోడ్ల గురించే మాట్లాడుకున్నాం. మా ఆయన బిస్కెట్లు పెట్టి మెల్లగా జారుకున్నారు.

టెస్టు రైడుకి ముందు ఆమె ఇన్సూరెన్సు కాగితం చూశాను. పరాయి బండి తోలడానికి అనుమతి ఉంది గానీ అది థర్డ్ పార్టీకే, బండి పడితే నష్టం నాది. అందుకే డబ్బు మొత్తం నా చేతికిచ్చాకే తాళం ఇచ్చాను. తెలిసిన బైకర్లెవరూ దీనికి నొచ్చుకోరు. నొచ్చుకుంటే బేరం అక్కడితో ఆపేయండి.

అడిగింది 1,250. బేరింగుల ఖర్చుకని వంద తగ్గించమంది, తగ్గించాను. రెండు బ్రేకు ప్యాడ్ల సెట్లు, ఒక ఆయిల్ ఫిల్టరు, సర్వీసు రసీదుల ఫైలు ఊరికే ఇచ్చాను.

కాగితాల పని పది నిమిషాలు. మన దగ్గర ఫారం 29, ఫారం 30 పట్టుకుని ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి ఇది విడ్డూరంగా ఉంటుంది. వి5సి లాగ్‌బుక్ మీదున్న పదకొండంకెల నంబరుతో, అమ్మానని డీవీఎల్ఏకి ఆన్‌లైన్లో నేనే తెలిపాను. ఇది కొన్నవాళ్ళు చేస్తారులే అని వదిలేయకండి. పేరు మారనంతకాలం కెమెరాల జరిమానాలు మీ ఇంటికే వస్తాయి. లాగ్‌బుక్‌లోని ఆకుపచ్చ చీటీ చింపి ఆమెకిచ్చాను. రోడ్ ట్యాక్సు బండితోపాటు వెళ్ళదు. నాకు మిగిలిన పూర్తి నెలల డబ్బు వెనక్కి వచ్చింది. ఆమె మా హాల్లో కూర్చునే ఫోన్లో ఇన్సూరెన్సు తీసుకుని, ఆ చీటీ మీది నంబరుతో ట్యాక్సు కట్టి, అప్పుడు బయల్దేరింది.

అక్టోబరు చివర్లో ఒక ఫొటో పంపింది. పాత బేరింగు, గాడిలో వరసగా గుంటలు. “మీరు చెప్పినదానికన్నా అధ్వాన్నంగా ఉంది. మార్పించాను, నూట అరవై అయింది. నిన్న పెర్త్ దాకా వెళ్ళొచ్చాను” అని రాసింది. మీటరు ఫొటో కూడా పెట్టింది. 92,730.