కాపర్-టి ఏళ్ల తరబడి ఉంటే ఇన్ఫెక్షన్ వస్తుందా?

“లూప్ ఎక్కువ కాలం ఉంటే లోపల చీము పడుతుందట” అన్న భయంతో గడువుకు ముందే తీయించుకుంటున్నవారున్నారు. అసలు విషయం తెలుసుకుందాం.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే కాపర్-టి 380ఎ రకం 10 ఏళ్లు, 375 రకం 5 ఏళ్లు పనిచేస్తాయి. ఇన్ఫెక్షన్ ముప్పు కాస్త ఎక్కువగా ఉండేది వేయించుకున్న మొదటి 3 వారాల్లోనే. అదీ ముఖ్యంగా అప్పటికే సుఖవ్యాధి ఉన్నవారికి. ఆ తర్వాత ముప్పు చాలా తక్కువ. అందుకే తెల్లబట్ట దుర్వాసన వస్తున్నా, పొత్తికడుపులో నొప్పి ఉన్నా ముందే చెప్పేయండి. చికిత్స అయ్యాకే వేస్తారు.

ఇవి గుర్తుంచుకోండి:

• వేసిన తేదీ, రకం రాసిన కార్డు దాచుకోండి. గడువు నాటికి తీయించుకోవాలి. కావాలంటే అప్పుడే కొత్తది వేయించుకోవచ్చు.

• నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటితే తీయించేసుకోండి.

• జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మందులతో తగ్గుతుంది, ప్రతిసారీ కాపర్-టి తీయక్కర్లేదు. సిగ్గుపడి ఆలస్యం చేస్తే గర్భనాళాలు మూసుకుపోయి, మళ్లీ పిల్లలు పుట్టడం కష్టమవ్వొచ్చు.

• దారం పట్టుకుని సొంతంగా లాగకండి.

• కాపర్-టి సుఖవ్యాధులను ఆపదు. అందుకు నిరోధ్ వాడాల్సిందే.

సందేహం ఉంటే మీ ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడగండి.