విద్యుత్ కారు పరిధి

విద్యుత్ కారు పరిధి అనగా, బ్యాటరీని ఒకసారి పూర్తిగా ఛార్జి చేసిన తరువాత మళ్ళీ ఛార్జి చేయకుండా ఆ కారు ప్రయాణించగల దూరం. దీనిని ఇంగ్లీషు మాటతోనే రేంజి అని కూడా వ్యవహరిస్తారు. పెట్రోలు కారుకు మైలేజీ ఎంత ముఖ్యమో విద్యుత్ కారుకు పరిధి అంతకంటే ముఖ్యం. పెట్రోలు అయిపోతే సీసాలో తెచ్చి పోసుకోవచ్చు గాని, విద్యుత్తును సీసాలో తేవడం సాధ్యం కాదు. కారు అమ్మేవారు ప్రకటించే పరిధికీ, రోడ్డు మీద నిజంగా లభించే పరిధికీ మధ్య చాలా తేడా ఉంటుంది. ఈ తేడాకు కారణాలు గోప్యమైనవేమీ కావు. ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రం తెలిసినవారెవరైనా వాటిని లెక్కగట్టవచ్చు. కర్నూలు, కడప వంటి ఎండ ప్రాంతాలలో, ఊరికీ ఊరికీ మధ్య దూరాలు ఎక్కువగా ఉన్నచోట, ఈ లెక్క అవసరం మరింత ఎక్కువ.

బ్యాటరీలో ఎంత శక్తి ఉంటుంది

బ్యాటరీ సామర్థ్యాన్ని కిలోవాట్-అవర్లలో కొలుస్తారు. ఇది కొత్త కొలమానం కాదు. ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్ అని రాసేది ఇదే. 2020 జనవరిలో విడుదలైన టాటా నెక్సాన్ విద్యుత్ కారు బ్యాటరీ సామర్థ్యం 30.2 యూనిట్లు. 2022లో వచ్చిన టియాగో విద్యుత్ కారులో 19.2, 24 యూనిట్ల రకాలు రెండు ఉన్నాయి. 2023లో వచ్చిన ఎంజీ కామెట్‌లో ఉన్నది 17.3 యూనిట్లు మాత్రమే.

ఒక లీటరు పెట్రోలును మండిస్తే వెలువడే ఉష్ణశక్తి సుమారు 9 యూనిట్లు. అంటే 30 యూనిట్ల బ్యాటరీలో ఉన్న శక్తి మూడు లీటర్ల పెట్రోలు కంటే కొంచెమే ఎక్కువ! అయినా ఆ కారు 200 కి.మీ. వెళ్ళగలుగుతున్నదంటే కారణం మోటారు సమర్థత. పెట్రోలు ఇంజను తనకు అందిన శక్తిలో నాలుగింట మూడు వంతులను వేడి రూపంలో వృథా చేస్తుంది. విద్యుత్ మోటారు నూటికి 85కు పైగా చక్రాలకు అందజేస్తుంది.

పాత తరం కార్లతో పోలిస్తే ఇది పెద్ద ముందడుగే. 2001లో బెంగుళూరులో తయారై అమ్మకానికి వచ్చిన రేవా కారులో సీసం-ఆమ్లం బ్యాటరీలు ఉండేవి. దాని పరిధి 80 కి.మీ. ఆ కారులో కర్నూలు నుండి బయలుదేరితే నంద్యాల చేరడమే గగనం, తిరిగి రావాలంటే అక్కడ గంటల తరబడి ఛార్జి చేసుకోవలసిందే.

ప్రకటించిన అంకె ఎక్కడి నుండి వస్తుంది

కంపెనీ చెప్పే పరిధిని రోడ్డు మీద కొలవరు. ప్రయోగశాలలో, కారు చక్రాలను రోలర్ల మీద ఉంచి, ముందుగా నిర్ణయించిన వేగాల పట్టిక ప్రకారం నడిపించి కొలుస్తారు. పుణెలోని ఆరాయ్ వంటి సంస్థలు ఈ పరీక్షలు చేసి ధృవపత్రం ఇస్తాయి. భారతదేశంలో వాడే పట్టికకు మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అని పేరు. ఇందులో మొదటి భాగం పట్టణ ప్రయాణాన్నీ, రెండవ భాగం పట్టణం వెలుపలి ప్రయాణాన్నీ అనుకరిస్తాయి. రెండవ భాగంలో కూడా గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ. దాటదు, అదీ కొద్ది క్షణాలే. ఐరోపాలో ప్రస్తుతం వాడే డబ్ల్యు.ఎల్.టి.పి. పరీక్షలో వేగం 131 కి.మీ. వరకు వెళ్తుంది.

పరీక్ష మారితే అంకె ఎంతగా మారుతుందో చెప్పడానికి 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ చక్కని ఉదాహరణ. అదే కారు, అదే 24 యూనిట్ల బ్యాటరీ. జపాన్ పరీక్షలో దాని పరిధి 200 కి.మీ., ఐరోపా పాత పరీక్షలో 175 కి.మీ., అమెరికా పరీక్షలో 117 కి.మీ. మన దేశంలోనూ ఇదే జరిగింది. 2019లో 39.2 యూనిట్ల హ్యుందాయ్ కోనాకు భారతీయ పరీక్ష ప్రకారం 452 కి.మీ. అని ప్రకటించగా, డబ్ల్యు.ఎల్.టి.పి. ప్రకారం అదే బ్యాటరీ గల కోనాకు వచ్చినది సుమారు 300 కి.మీ. మాత్రమే. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. పరీక్ష పత్రం సులువుగా ఉంటే మార్కులు ఎక్కువ వస్తాయి, అంతే.

ఈ విషయమై కొనుగోలుదారులలో అసంతృప్తి పెరగడంతో పరిస్థితి కొంత మారింది. టాటా సంస్థ 2024లో 45 యూనిట్ల నెక్సాన్‌కు పరీక్ష ప్రకారం 489 కి.మీ. అని చెబుతూనే, వాడుకలో ఎక్కువమందికి అందే దూరం 350 కి.మీ. పై చిలుకు అని వేరుగా తెలిపింది.

కర్నూలు - కడప: ఒక లెక్క

కర్నూలు నుండి కడపకు 40వ నంబరు జాతీయ రహదారి మీద ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా దూరం సుమారు 200 కి.మీ. మొదటి తరం నెక్సాన్‌కు ప్రకటించిన పరిధి 312 కి.మీ. కాబట్టి నిశ్చింతగా వెళ్ళవచ్చునని అనిపిస్తుంది. అది నిజమో కాదో చూద్దాం.

సమతల రోడ్డు మీద స్థిర వేగంతో పోయే కారును వెనక్కి లాగే బలాలు ప్రధానంగా రెండు: టైర్ల దొర్లుడు ఘర్షణ, గాలి నిరోధం. మనుషులతో కలిపి 1,700 కిలోల బరువుండే మధ్యస్థాయి కారుకు దొర్లుడు ఘర్షణ సుమారు 170 న్యూటన్లు. వేగం మారినా ఇది పెద్దగా మారదు. గాలి నిరోధం అలా కాదు, అది వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ కారుకు గంటకు 60 కి.మీ. వేగంతో 130 న్యూటన్ల దగ్గర ఉండే గాలి నిరోధం, 80 కి.మీ. వద్ద 230కి, 100 కి.మీ. వద్ద 355కి చేరుతుంది. ఈ రెండు బలాలనూ కలిపి, మోటారులోనూ ఇతర భాగాలలోనూ పోయే నష్టాన్ని చేర్చి లెక్కవేస్తే, ప్రతి 100 కి.మీ.కు ఖర్చయ్యే శక్తి 60 వేగంతో సుమారు 10 యూనిట్లు, 80 వేగంతో 13, 100 వేగంతో 17 యూనిట్లు వస్తుంది.

దీనికి ఏసీని కలపాలి. వేసవిలో ఏసీ సుమారు ఒకటిన్నర కిలోవాట్లు తీసుకుంటుందనుకుంటే, గంటకు ఒకటిన్నర యూనిట్. అది గంటల లెక్కన ఖర్చవుతుంది గాని కిలోమీటర్ల లెక్కన కాదు. అందువల్ల నెమ్మదిగా పోయేవారికే ఏసీ ఎక్కువ భారం. 80 వేగంతో 100 కి.మీ.కు ఏసీ ఖర్చు దాదాపు 2 యూనిట్లు. వెరసి 15 యూనిట్లు.

ఇప్పుడు 30 యూనిట్లను ఆ ఖర్చుతో భాగిస్తే వచ్చేది 200 కి.మీ. సరిగ్గా కర్నూలు నుండి కడప వరకు. కడప పొలిమేరలో బ్యాటరీ సున్నా! బ్యాటరీలో పదోవంతు మిగిలి ఉండగానే ఆగాలనుకుంటే 180 కి.మీ.; అంటే మైదుకూరు దాటిన కొద్దిసేపటికే గడువు తీరిపోతుంది. 100 వేగంతో పోయేవారికి అదే నియమంతో దక్కేది 145 కి.మీ. దగ్గర, అనగా మైదుకూరు కూడా అందదు. 60 వేగంతో పోతే ఏసీతో సహా 220 కి.మీ. వస్తుంది గాని, నాలుగు లేన్ల రహదారి మీద లారీలన్నీ దాటిపోతుంటే అంత నెమ్మదిగా మూడున్నర గంటలు నడపడానికి ఓర్పు కావాలి. 312 అన్న అంకెను నమ్మి రోగినో వృద్ధులనో ఎక్కించుకొని మే నెల మధ్యాహ్నం బయలుదేరిన కుటుంబానికి ఈ తేడా కేవలం అంకెల తేడా కాదు.

పై లెక్క స్థిర వేగానికి సంబంధించినది. ఊళ్ళలో ఆగి బయలుదేరడం, వాహనాలను దాటడానికి వేగం పెంచడం వంటివి ఖర్చును ఇంకా పెంచుతాయి. కారుపైన సామాను కట్టినా, టైర్లలో గాలి తగ్గినా అంతే.

ఎత్తు పల్లాలు

కర్నూలు సముద్రమట్టానికి సుమారు 273 మీటర్ల ఎత్తున, కడప 138 మీటర్ల ఎత్తున ఉన్నాయి. కాబట్టి కడపకు పోయేటప్పుడు దిగువకు పోతున్నట్లే. ఇది కలిసిరాదా అన్న సందేహం సహజం. 1,700 కిలోల కారు 135 మీటర్లు దిగితే విడుదలయ్యే స్థితిజ శక్తి 0.6 యూనిట్ మాత్రమే. నాలుగు కిలోమీటర్ల ప్రయాణానికి సరిపోతుంది. తిరుగు ప్రయాణంలో అంతే నష్టం.

కడప నుండి రాయచోటికి పోయే దారిలోని గువ్వలచెరువు కనుమ సంగతి వేరు. (పాలకోవాకు పేరుపొందిన గువ్వలచెరువు ఇదే.) రాయచోటి కడప కంటే సుమారు 225 మీటర్లు ఎత్తున ఉంది. ఆ ఎత్తుకు కారును చేర్చడానికే ఒక యూనిట్‌కు పైగా కావాలి. 50 కి.మీ. ప్రయాణానికి మామూలుగా ఏడెనిమిది యూనిట్లు ఖర్చయ్యేచోట ఇది గణనీయమైన మొత్తమే. కనుమ ఎక్కేటప్పుడు మీటరులో కనిపించే దూరం చకచకా తరిగిపోయి చోదకుణ్ణి కంగారు పెడుతుంది. ఆ మీటరు చూపేది కొలిచిన దూరం కాదు, ఇటీవలి ఖర్చును బట్టి వేసిన అంచనా మాత్రమే. దిగేటప్పుడు అదే దూరం పెరుగుతుంది కూడా. బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటరుగా మారి గతిజ శక్తిని తిరిగి విద్యుత్తుగా బ్యాటరీకి పంపడమే ఇందుకు కారణం. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన తిరుపతి - తిరుమల విద్యుత్ బస్సులకు కొండ దిగేటప్పుడు ఈ సౌలభ్యం ఉంది. అయితే ఎక్కేటప్పుడు పెట్టినదంతా తిరిగి రాదు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కనుమ దిగితే నిలవ చేసుకునే చోటు లేక అసలేమీ రాకపోవచ్చు.

ఊళ్ళో ఆగుతూ సాగుతూ నడిపినప్పుడు విద్యుత్ కారు పరిధి రహదారి మీద కంటే మెరుగ్గా ఉండడానికి కూడా ఈ శక్తి పునరుద్ధరణే ఒక కారణం. పెట్రోలు కార్ల అనుభవానికి ఇది పూర్తిగా విరుద్ధం.

ఎండ, గాలి

చలి దేశాలలో శీతాకాలం పరిధిని తగ్గిస్తుంది. రాయలసీమలో ఆ సమస్య లేదు. ఇక్కడ మే నెలలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం మామూలే. వేడెక్కిన గాలి పలుచబడి గాలి నిరోధం కొద్దిగా తగ్గుతుంది, అయితే ఆ లాభాన్ని ఏసీ మింగివేస్తుంది. ఎండలో నిలిపిన కారును మొదట చల్లబరచడానికి ఏసీ మామూలుకు రెట్టింపు శక్తి తీసుకుంటుంది. ఛార్జరుకు తగిలించి ఉండగానే ఏసీ వేసి కారును చల్లబరచుకుంటే ఆ భారం బ్యాటరీ మీద పడదు. వేపచెట్టు నీడలో నిలిపినా ఫలితం ఉంటుంది.

ఆషాఢంలో వీచే పడమటి గాలులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కర్నూలు నుండి ఆదోని వైపు గంటకు 80 కి.మీ. వేగంతో పోతూ, ఎదురుగా 20 కి.మీ. వేగంతో గాలి వీస్తే, కారుకు తగిలే గాలి 100 కి.మీ. వేగంతో తగిలినట్లే. ఖర్చు 13 నుండి 17 యూనిట్లకు పెరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ గాలే కలిసివస్తుంది.

ఎండ వల్ల కలిగే అసలు నష్టం వెంటనే కనిపించదు. లిథియం-అయాన్ బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదవుతుంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, కర్నూలు లాగానే పొడి ఎండలు గల ఫీనిక్స్ నగరంలో, తొలి నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు రెండేళ్ళు తిరగకముందే బలహీనపడినట్లు 2012లో యజమానులు గుర్తించారు. ఆ కార్లలో బ్యాటరీని చల్లబరచే ద్రవ వ్యవస్థ లేదు. తరువాత ఆ సంస్థ సామర్థ్యానికి కూడా హామీ ఇవ్వవలసి వచ్చింది. నెక్సాన్ వంటి కార్లలో ద్రవ శీతలీకరణ ఉంది. మొదటి తరం నెక్సాన్ బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కి.మీ. హామీ ఇచ్చారు. అయినా నిండా ఛార్జి చేసిన కారును రోజుల తరబడి ఎండలో వదలడం మంచిది కాదు. పాత కారు కొనేవారు కొత్తలో ప్రకటించిన అంకెను కాక, మిగిలి ఉన్న సామర్థ్యాన్ని అడిగి తెలుసుకోవాలి. పదోవంతు తరిగిన బ్యాటరీతో పైన చెప్పిన 200 కి.మీ. 180 అవుతుంది.

దారిలో ఛార్జి

వేగవంతమైన ఛార్జరు వద్ద మొదటి తరం నెక్సాన్‌ను 80 శాతం వరకు నింపడానికి గంట పడుతుందని కంపెనీ లెక్క. 80 దాటాక బ్యాటరీ రక్షణ కోసం ప్రవాహం తగ్గిపోతుంది కాబట్టి చివరి 20 శాతం కోసం వేచి ఉండడం వల్ల లాభం తక్కువ. ఈ కారణంగా దూర ప్రయాణాలలో మొదటి దశకు తప్ప మిగిలిన దశలకు బ్యాటరీలో 70 శాతమే చేతిలో ఉన్నట్లు భావించాలి, అంటే 80 నుండి 10 వరకు. ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్ ద్వారా అయితే 30 యూనిట్లు నిండడానికి రాత్రంతా పడుతుంది.

కర్నూలు నుండి కడపకు పోయేవారు నంద్యాలలో అరగంట ఆగి 10 యూనిట్లు ఎక్కించుకుంటే 80 వేగంతో మరో 65 కి.మీ. దూరం చేతికి వస్తుంది. నంద్యాల చేరేసరికి బ్యాటరీలో ఇంకా సగానికి పైగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆగడం అనవసరమని తోచవచ్చు. కాని ఆళ్ళగడ్డ దాటిన తరువాత వెతుక్కోవడం కంటే, ఛార్జరు పనిచేయకపోయినా మరొక చోటికి పోగలిగే శక్తి ఉన్నప్పుడే ఆగడం సురక్షితం.